వేడి ఎంత, ప్రవాహం ఎంత: అడవి ఊట దగ్గర అడగాల్సిన రెండు ప్రశ్నలు

అడవిలో వేడినీటి ఊట ఉందని తెలియగానే చాలామంది అడిగేది ఆ నీళ్లలో ఏముందని. గంధకం ఉందా, సున్నం ఉందా, కీళ్లనొప్పులకు పనిచేస్తుందా, చర్మానికి మంచిదా? అక్కడ గుడిసెలు, మడుగులు నడిపేవాళ్లు కూడా ఈ ప్రశ్నలకు అలవాటుపడి గోడకు ఖనిజాల పట్టిక ఒకటి తగిలించేస్తారు. మడుగులో నీళ్లు ఈ పూట ఎన్ని డిగ్రీలున్నాయో, ఊట నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో మాత్రం ఆ పట్టికలో ఉండదు. ఆ రెండూ తెలియకుండా నీళ్లలో కాలు పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఖనిజాల సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మామూలు ఈతకొలనులో మన తరఫున యంత్రాలు పనిచేస్తుంటాయి. థర్మోస్టాట్ వేడిని అదుపులో ఉంచుతుంది, పంపు నీటిని వడకడుతుంది, క్లోరిన్ సూక్ష్మజీవుల పని పడుతుంది. అడవి మడుగు దగ్గర ఇవేవీ లేవు. నాలుగు బండరాళ్లు పేర్చిన గట్టు, లేదా ఒక చెక్క తొట్టి. వేన్నీళ్లు తెచ్చే కాలువ ఒకటి, చన్నీళ్లు తెచ్చే కాలువ ఒకటి. ఆ యంత్రాల పని అక్కడికి వెళ్లిన మనిషే చూసుకోవాలి. నా వరకు అక్కడికి వెళ్లడంలోని ఆనందంలో సగం ఆ పనిలోనే ఉంది.

ముందు ఆ వేడి ఎక్కడిదో చూద్దాం. పక్కన అగ్నిపర్వతం ఉంటేనే ఇలాంటి ఊట పుడుతుందని అనుకుంటారు. అక్కర్లేదు. భూమి లోపలికి దిగేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల (ఇక్కడ అన్నీ సెల్సియస్ డిగ్రీలే) వేడి పెరుగుతుంది. వాననీరు రాతి పగుళ్ల గుండా రెండు మూడు కిలోమీటర్లు కిందికి ఇంకి, అక్కడ కాగి, నిట్టనిలువు పగులేదైనా దొరికితే చల్లారేలోపే పైకి తన్నుకొస్తుంది. ఇంగ్లండులోని బాత్ పట్టణపు ఊట ఇలాంటిదే. వేల ఏళ్ల కిందట కురిసిన వాన అక్కడ 46 డిగ్రీల దగ్గర, రోజుకు దాదాపు 11 లక్షల 70 వేల లీటర్ల చొప్పున పైకి వస్తోంది. అంత లోతు నుంచి వచ్చే నీటి వేడి తొందరగా మారదు. కానీ మనం కూర్చునేది ఊటలో కాదు, మడుగులో. మడుగు వేడి పూటకోసారి మారుతుంది. పెద్దవాన పడితే పైపొరల చల్లనీరు కలుస్తుంది. పక్క వాగు పొంగితే చన్నీళ్ల కాలువ జోరందుకుంటుంది. ఎండలకు వాగు సన్నగిల్లితే చల్లార్చే నీరు లేక మడుగు కాగిపోతుంది. అందుకే పోయినసారి చూసిన లెక్కే కాదు, నిన్నటి లెక్క కూడా ఇవాళ్టికి పనికిరాదు.

కాబట్టి సంచిలో థర్మామీటరు ఉండాలి. జ్వరం చూసేది వద్దు, 42 దాటితే దానికి లెక్క తెలియదు. వంటకు వాడే, పొడవాటి సూది ఉన్న డిజిటల్‌ది చాలు. బయలుదేరే ముందు దాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందుల్లో నీళ్లు నింపి, సూదిని మధ్యలో మూడు నిమిషాలు ఉంచితే సున్నా చూపించాలి. ఒకటో రెండో డిగ్రీల తేడా వస్తే ఆ తేడాను గుర్తుపెట్టుకుని లెక్కలో సరిచేసుకోవచ్చు. మరిగే నీటితో పరీక్షించేవాళ్లు ఎత్తును మరవకూడదు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరిగే స్థానం సుమారు ఒక డిగ్రీ దిగుతుంది. 1500 మీటర్ల ఎత్తున నీళ్లు 95 దగ్గరే మరిగితే తప్పు థర్మామీటరుది కాదు.

కొలవాల్సింది మూడుచోట్ల: వేన్నీళ్లు మడుగులో పడేచోట, మధ్యలో పైపొర దగ్గర, కూర్చునేచోట అడుగున. వేన్నీళ్లు తేలిక కాబట్టి పైకి చేరతాయి. పైన 41 ఉండి మోకాళ్ల దగ్గర 37 ఉండటం మామూలే, చేతులతో కలియబెడితే సర్దుకుంటుంది. జాగ్రత్తగా ఉండాల్సింది అడుగు నుంచే ఊరే మడుగుల దగ్గర. అక్కడ పైన హాయిగా 38 ఉంటుంది, అరచెయ్యంత మేర గులకరాళ్ల కింద 50 ఉంటుంది. కాసేపు నీటిని కదపకుండా చూస్తే ఆ చోటు తనంతట తానే కనిపిస్తుంది. సన్నని బుడగలు దారానికి గుచ్చినట్టు ఒకే చోటు నుంచి వరసగా లేస్తుంటాయి. వాటి మొదట్లో ఇసుక, ఉడికే గింజల్లా చిన్నగా ఎగిరి పడుతూ ఉంటుంది. ఆ చుట్టుపక్కల బారెడు మేర కూర్చోకూడదు, కాలి వేళ్లతో గులక తవ్వకూడదు. తవ్వితే మీదున్న చల్లని పొర పోయి, అడుగున ఉన్న నీరు నేరుగా చర్మానికి తగులుతుంది.

చెయ్యి పెట్టి చూస్తే చాలదా అంటారు. చలిలో నడిచొచ్చిన చేతికి 36 డిగ్రీల నీళ్లు కూడా చురుక్కుమంటాయి, అరచేతి చర్మం మందం కాబట్టి అసలు వేడి నీళ్లు ఓర్చుకోగలిగినట్టు అనిపిస్తాయి. మణికట్టు లోపలివైపో మోచెయ్యో కొంత నయం, కానీ అవీ అంకె చెప్పలేవు. ఇక్కడ అంకెకు ఎంత విలువ ఉందో చూడండి. పెద్దవాళ్ల చర్మం 49 డిగ్రీల నీటిలో ఐదు నిమిషాలకు తీవ్రంగా కాలుతుంది. 54 దగ్గర అర నిమిషం చాలు. 60 దగ్గర ఆరు సెకన్లు, 66 దగ్గర రెండు. 49 నుంచి 54కు, అంటే ఐదు డిగ్రీలు పెరిగేసరికి, మనకున్న వ్యవధి పదో వంతుకు పడిపోయింది. నీళ్లు 49 దగ్గరున్నాయో 54 దగ్గరున్నాయో చెయ్యి కచ్చితంగా చెప్పలేదు. పిల్లల చర్మం పలచన, వాళ్లకు ఇంతకన్నా తక్కువ సమయమే.

ఎంత వేడి మంచిదన్నదానికి అమెరికాలో వేడినీటి తొట్టెలకు వినియోగ వస్తువుల భద్రతా సంస్థ చెప్పే పైహద్దు ఉంది: 40 డిగ్రీలు. నేను పాటించే లెక్క ఇది. 37, 38 అయితే అరగంట ఉండొచ్చు. 40 అయితే పది పదిహేను నిమిషాలు, ఆ తర్వాత బయట కూర్చుని ఒళ్లు ఆరబెట్టుకోవాలి. 42 అంటే అలవాటున్న ఆరోగ్యవంతులకు ఐదు నిమిషాల మాట. అంతకు మించితే దిగకుండా ముందు చల్లార్చాలి.

చల్లార్చడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. వేడిగా ఉందని చన్నీళ్ల కాలువకు అడ్డుగా ఉన్న రాయిని మొత్తంగా తీసేస్తారు. మడుగులో వేల లీటర్లు ఉంటాయి, మార్పు వెంటనే తెలియదు. ఇంకా తగ్గలేదని వదిలేస్తారు, గంటకు నీళ్లు గోరువెచ్చన కూడా ఉండవు. తర్వాత వేన్నీళ్లు ఒక్కటే వదిలి, మళ్లీ కాగబెట్టి, పూటంతా ఈ తంటాలోనే గడుపుతారు. చిన్న లెక్క వేసుకుంటే ఇదంతా తప్పుతుంది. ఊటనీరు 55, వాగునీరు 15, మనకు కావాల్సింది 40 అనుకుందాం. ఊటనీరు కావాల్సినదానికన్నా 15 ఎక్కువ, వాగునీరు 25 తక్కువ. ఈ రెండు అంకెలనూ తారుమారు చేస్తే పాళ్లు వచ్చేస్తాయి: వేన్నీళ్లు 25, చన్నీళ్లు 15. అంటే ఐదు బకెట్ల వేన్నీళ్లకు మూడు బకెట్ల చన్నీళ్లు. మడుగు గాలికి కొంత వేడి పోగొట్టుకుంటుంది కాబట్టి చన్నీళ్లు దానికన్నా కాస్త తక్కువతో మొదలుపెట్టి, బాగా కలియబెట్టి, పావుగంట ఆగి, మళ్లీ కొలవాలి. నీటిని పలచన చేయడం ఇష్టం లేనిచోట కాలువను పొడుగు చేసి గాలికి చల్లారుస్తారు. జపాన్‌లోని కుసత్సులో అయితే పొడవాటి చెక్కపలకలతో నీటిని తిరగదోడి వేడి తగ్గిస్తారు.

అడవి ఊటల దగ్గర రంగులు కూడా వేడి గురించి కొంత చెబుతాయి. కాలువ అంచున ఆకుపచ్చగానో నారింజ రంగులోనో చాపలా పరుచుకున్న పొర కనిపిస్తే అది సూక్ష్మజీవుల పొర. ఎండతో బతికే జీవులు దాదాపు 73 డిగ్రీలు దాటితే ఉండలేవు. అందుకే రంగంతా హఠాత్తుగా ఆగిపోయి, నీరు స్ఫటికంలా నీలంగా మెరిసే చోటు చూడటానికి ఎంత అందంగా ఉన్నా, అసలు వేడి అక్కడే ఉంటుంది. రంగున్న చోటు చల్లగా ఉంటుందని అర్థం కాదు, 60 డిగ్రీల్లోనూ ఆ చాప హాయిగా పెరుగుతుంది. దాన్ని గీకకూడదు, తొక్కకూడదు. 1966లో థామస్ బ్రాక్ బృందం అమెరికాలోని ఎల్లోస్టోన్ ఊటల్లో గుర్తించిన థర్మస్ ఆక్వాటికస్ అనే బాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైమే ఈనాటి పీసీఆర్ పరీక్షలకు ఆధారం అయింది. అదే ఎల్లోస్టోన్‌లో వేడినీటి వల్ల కాలిన గాయాలతో 20 మందికి పైగా చనిపోయారు. ఊట చుట్టూ నేల గట్టిగా కనిపిస్తుంది. నిజానికి చాలాచోట్ల అది ఖనిజాలు పేరుకుని ఏర్పడిన పలచని పెంకు, కింద మరిగే నీరు. మడుగులో స్నానం చేయొచ్చు గానీ, ఊట పుట్టేచోటికి దారి తప్పి వెళ్లకూడదు.

ఇక ప్రవాహం. దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. అడవి మడుగులో శుభ్రత అంటే నీరు మారడం. వేరే దారి లేదు. క్లోరిన్ వేయొచ్చు కదా అంటే, గంధకపు నీటిలోని సల్ఫైడ్ ఆ క్లోరిన్‌ను వెంటనే తినేస్తుంది, సూక్ష్మజీవుల మీద పనిచేయడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఒక బకెట్, చేతి గడియారం తీసుకుని కొలవాలి. నీళ్లు పడేచోట 10 లీటర్ల బకెట్ పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. 20 సెకన్లు పట్టిందనుకుందాం. నిమిషానికి 30 లీటర్లు, గంటకు 1800. మడుగు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు అయితే అందులో ఉన్నది 3600 లీటర్లు. రెండు గంటల్లో నీళ్లన్నీ మారిపోతాయని సంబరపడతారు. మారవు. కొత్తనీరు పాతనీటిని నెట్టుకుంటూ పోదు, దానిలో కలిసిపోతుంది. మడుగు నిండేంత నీరు ఒకసారి వచ్చి పోయినా పాతనీరు ఇంకా 37 శాతం మిగిలే ఉంటుంది. మూడుసార్లు వచ్చి పోతే గానీ అది 5 శాతానికి దిగదు. అంటే మన మడుగుకు ఆరు గంటలు.

ఈ లెక్క తెలిస్తే మిగతా నిర్ణయాలు వాటంతటవే వస్తాయి. పదిమంది దిగి లేచిన మడుగులోకి పది నిమిషాలకే దిగడం ఎందుకు మంచిది కాదో తెలుస్తుంది. తెల్లవారుజామున నీళ్లు ఎందుకు తేటగా ఉంటాయో తెలుస్తుంది. మడుగును వారానికి ఎన్నిసార్లు తూము తీసి ఖాళీ చేసి రుద్దుతున్నారో నిర్వాహకులను తప్పకుండా అడగాలనీ తెలుస్తుంది. దిగే ముందు ఒళ్లు కడుక్కోవడం కూడా ఈ లెక్కలోదే. ఎండకు రాసుకున్న క్రీము, తలనూనె, చెమట అన్నీ గంటల తరబడి అక్కడే తేలుతుంటాయి. కడుక్కోవడం మాత్రం మడుగుకూ వాగుకూ 60 మీటర్ల దూరంలో, నేల మీద. సబ్బు డబ్బా మీద మట్టిలో కలిసిపోతుందని రాసి ఉన్నా, దానికి మట్టి కావాలి. నీటిలో అది అలాగే ఉంటుంది.

తల ముంచకూడదు. దీనికి మినహాయింపు లేదు. నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా వెచ్చని మంచినీటిలో, అడుగు బురదలో బతుకుతుంది, 46 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. అంటే మనకు హాయిగా ఉండే వేడి అంతా దానికీ హాయే. నీళ్లు మింగితే అది సోకదు. ముక్కులోకి నీరు పోతే అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. ఆస్ట్రేలియాలో ఫౌలర్, కార్టర్ 1965లో ఈ జబ్బును మొదటిసారి వర్ణించారు. చాలా అరుదు. కానీ అమెరికాలో నమోదైన కేసుల్లో 97 శాతానికి పైగా మరణంతోనే ముగిశాయి. ముక్కు నీటి పైన ఉంచుకుంటే చాలు, ఈ ముప్పు దాదాపు పూర్తిగా తప్పుతుంది. పిల్లలు నీళ్లు ఎగజిమ్ముకుంటూ ఆడే చోటు ఇది కాదు. బురద కెలకకూడదు. స్నానం తర్వాత రెండు వారాల లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే డాక్టరుతో ఊట సంగతి తప్పకుండా చెప్పాలి.

గంధకపు ఊట దగ్గర వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు కూడా లేనప్పుడే ముక్కు దాన్ని పట్టేస్తుంది. 100 పాళ్లకు చేరితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన తగ్గిందంటే అలవాటుపడ్డామని అనుకుంటాం, గాలిలో గ్యాస్ పెరిగి ఉండొచ్చు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, అందుకే గుంటల్లో, మూసిన గదుల అడుగున పేరుకుంటుంది. గుంటలో కాకుండా నాలుగు వైపులా తెరిచి ఉన్న మడుగు దగ్గర భయం తక్కువ. చలికని చుట్టూ చెక్కగోడలు కట్టి, తలుపు బిగించిన స్నానపు గది కనిపిస్తే మాత్రం గోడ అడుగున కూడా గాలి సందులున్నాయో లేదో చూడండి. కళ్లు మండటం, తలనొప్పి మొదలైతే ఆలోచించకుండా బయటికి రావాలి. వెండి వస్తువులు గదిలోనే వదిలి వెళ్లండి, ఒక్క స్నానానికే నల్లబడతాయి.

మళ్లీ ఖనిజాల దగ్గరికి. గంధకం కొన్ని చర్మవ్యాధులకు చాలాకాలంగా వాడుకలో ఉన్న మందే, దాన్ని కాదనను. కానీ మన చర్మం పని బయటి పదార్థాలను లోపలికి రానివ్వకపోవడం. పావుగంట నీళ్లలో కూర్చుంటే కాల్షియమూ మెగ్నీషియమూ లెక్కకొచ్చేంతగా ఒంట్లోకి దిగవు. ఒళ్లు తేలికపడటం, నొప్పులు సడలడం వేడివల్ల, నీరు ఒంటి బరువును మోయడం వల్ల. 2019లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. పడుకోవడానికి గంట రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీటిలో స్నానం చేసినవాళ్లకు నిద్ర సగటున పది నిమిషాలు ముందు పట్టిందని తేలింది. అక్కడ ఏ ఖనిజమూ అక్కర్లేకపోయింది. ఊటనీరు మందని తాగడం అసలే వద్దు. లోతైన రాళ్ల నుంచి వచ్చే నీటిలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్ కరిగి ఉండటం మామూలు.

మేలు చేసే ఆ వేడి ఒంటి మీద ఎలా పనిచేస్తుందో తెలిస్తే లేచేటప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం ఉండదు. వేడికి రక్తనాళాలు వదులవుతాయి, రక్తపోటు దిగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. కూర్చున్నంతసేపూ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తూ ఆదుకుంటుంది. చటాక్కున లేస్తే ఆ ఆసరా ఒక్కసారిగా పోతుంది, రక్తం కాళ్లలోకి జారుతుంది, తల తేలిపోతుంది, కింద పాకుడు పట్టిన రాయి ఉంటుంది. అందుకని ముందు గట్టు మీదికి చేరి, కాళ్లు నీళ్లలోనే ఉంచి రెండు నిమిషాలు కూర్చోవాలి. తర్వాత దేన్నైనా పట్టుకుని మెల్లగా లేవాలి. నీటి ఒత్తిడికి మూత్రం ఎక్కువ తయారవుతుంది, పైగా చెమట పోస్తుంది, తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గుతుంది. అరపూటకు మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు పక్కన పెట్టుకోండి. మద్యం వద్దు. రక్తపోటు మాత్రలు, గుండె మందులు వాడేవాళ్లు, గర్భిణులు ముందే డాక్టరును అడగాలి, ముఖ్యంగా తొలి మూడు నెలల్లో ఒంటి వేడి పెరగడం బిడ్డకు మంచిది కాదు. నొప్పికి ఫెంటానిల్ లాంటి మందుపట్టీ ఒంటికి అంటించుకున్నవాళ్లు అసలు దిగకూడదు, వేడికి ఆ మందు రక్తంలోకి ఎక్కువగా దిగి ప్రాణం మీదికి తెస్తుంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు థర్మామీటరునే నమ్మాలి, పాదాలను కాదు.

అడవి గురించి రెండు ముక్కలు. మడుగు వాగు ఒడ్డునే ఉంటే ఎగువన వాన పడుతోందేమో చూడాలి. వాగునీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, వెంటనే లేచి ఎత్తైన చోటికి వెళ్లాలి, బట్టల కోసం వెనక్కి రాకూడదు. తలపైన ఎండిన కొమ్మలున్న చెట్టు కింద మడుగును ఎంచుకోవద్దు. పొడి బట్టలను వేసుకునే వరసలోనే, పైన తువ్వాలు వచ్చేలా పెట్టుకుంటే చలిగాలిలో వెతుకులాట ఉండదు. తలకు కట్టుకునే లైటు చీకటి పడకముందే చేతికందేచోట ఉండాలి.

లేచి వచ్చేశాక ఒక పని మిగిలి ఉంటుంది. మీరు చన్నీళ్ల కాలువ దగ్గర రాయిని జరిపారు కదా, దాన్ని మొదట ఉన్నచోటికి చేర్చి రండి. జరిపినట్టే వదిలేయాల్సి వస్తే గుడిసె తలుపు దగ్గర చెప్పి రండి. రాత్రి పదింటికి వచ్చే మనిషి పొద్దున కొలిచిన అంకెనే నమ్ముకుని, చీకట్లో ఆ నీళ్లలోకి కాలు దించుతాడు.